రొయ్యల కాటా చీటీకి టీకింటర్: తెర మీద సరే, కాగితం మీద?

భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు రొయ్యలు కొనే కొట్టులో సాఫ్ట్‌వేరుకు ఉండే పని చిన్నదే. రైతు పేరు, చెరువు, ట్రేల లెక్క, బరువు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు), ధర, మొత్తం నమోదు కావాలి, చీటీ బయటికి రావాలి. కానీ చెరువు పట్టుబడి ఉన్న రాత్రి ఐస్ నీళ్లు కారే చేతులతో గుమస్తా టైపు చేస్తాడు, బయట వ్యాన్లు ఆగి ఉంటాయి, మధ్యలో కరెంటు పోతుంది. నెట్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కంప్యూటరు సాధారణంగా ఆఫీసులో పనికిరాదని పక్కన పెట్టినదే అయ్యుంటుంది.

ఈ పనికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటు ఉచితంగా వచ్చే టీకింటర్, అంటే విండోలు, గడులు, బటన్లు కట్టే లైబ్రరీ, ఎంతవరకు ఆగుతుందో చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తాను: విండోస్ మీద తెర వరకు దీన్ని మించింది అక్కర్లేదు. ప్రింటింగ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తుంది, దానికి వేరే దారి చూసుకోవాలి. లైనక్స్ మీద తెలుగు చూపించాలంటే అసలు దీని జోలికే వెళ్లొద్దు.

ఇది ఎక్కడిది

టీకింటర్ సొంతంగా ఏదీ గీయదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో మొదలుపెట్టిన టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాష ఉంది. దానికి తోడుగా వచ్చిన, తెర మీద విండోలు, బటన్లు గీసే పనిముట్ల పెట్టె టీకే. టీకింటర్ ఆ టీకేకు పైథాన్ తొడుగు. అందుకే తప్పు జరిగినప్పుడు పైథాన్ ఎర్రర్ బదులు టీసీఎల్ ఎర్రర్ కనిపిస్తుంది, దాని భాష కూడా వేరేగా ఉంటుంది. ఇంకో ఫలితం ఏమిటంటే ఎంట్రీ గడిలోంచి (టైపు చేసే గడి) ఏది తీసినా అది స్ట్రింగే, అంటే అంకె కాదు, అక్షరాల వరుస. గడికి కట్టే ఇంట్‌వార్, డబుల్‌వార్ అనే అంకెల చలరాశులు వాడితే అంకె దానంతట అదే వస్తుందని చాలామంది వాటిని కడతారు. గడి ఖాళీగా ఉన్న క్షణంలో విలువ చదివే గెట్‌ను పిలిస్తే టీసీఎల్ ఎర్రర్ పడుతుంది. గుమస్తా బరువు చెరిపి మళ్లీ కొడుతున్న ప్రతిసారీ ఆ గడి ఖాళీగానే ఉంటుంది కదా. స్ట్రింగ్‌వార్ వాడి, అంకెగా మార్చే పని మీరే చేసుకోవడం మేలు.

2007లో వచ్చిన టీకే 8.5తో టీటీకే అనే కొత్త విడ్జెట్లు (గడి, బటన్ లాంటి తెర భాగాలు) చేరాయి. పాతవాటికంటే ఇవి విండోస్ రూపానికి దగ్గరగా ఉంటాయి. వరుసల పట్టిక చూపే ట్రీవ్యూ, జాబితా తెరిచే కాంబోబాక్స్ ఇందులోవే. కొత్తగా రాసేవాళ్లు గడులు, బటన్లు, పట్టికలు అన్నీ టీటీకేవే వాడుకోవాలి.

వేసుకోవడం

విండోస్‌లో పైథాన్ వెబ్‌సైటు నుంచి దింపిన ఇన్‌స్టాలరులో టీకే కలిసే వస్తుంది. కస్టమ్ ఇన్‌స్టాల్‌కు వెళ్తే టీసీఎల్, టీకే, ఐడిల్ అని ఒక టిక్కు ఉంటుంది, దాన్ని తీయకుండా ఉంటే చాలు. ఉబుంటులో మాత్రం పైథాన్3 టీకే అనే ప్యాకేజీని ఆప్ట్‌తో విడిగా వేయాలి. లేకపోతే మాడ్యూల్ దొరకలేదంటుంది. ఇదే ఎర్రర్‌కు దగ్గరగా ఇంకొకటి, మరీ తెలివితక్కువది, ఉంది: మీ ప్రోగ్రాము ఫైలుకే టీకింటర్ అని పేరు పెడితే పైథాన్ అసలు లైబ్రరీని వదిలేసి మీ ఫైలునే దిగుమతి చేసుకుంటుంది.

కొట్లో విండోస్ 7 ఉంటే పైథాన్ 3.8 దగ్గర ఆగాలి. 3.9 నుంచి విండోస్ 7 మీద నడవదు. 3.8కి ఇప్పుడు భద్రతా సవరణలు కూడా రావు, కాబట్టి ఆ కంప్యూటరును నెట్‌కు దూరంగా ఉంచడం మంచిది. 3.8తో వచ్చే టీకే 8.6.9లో ట్రీవ్యూ వరుసలకు ట్యాగ్‌తో రంగు వేస్తే రంగు పడదు. అది ఆ వెర్షన్‌లోని లోపం. బాకీ ఉన్న రైతు వరుసను ఎర్రగా చూపాలనుకున్నవాళ్లు తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ గంటలు పోగొట్టుకుంటారు. అక్కడ రంగు వదిలేసి, మొదటి నిలువు వరుసలో బాకీ అని రాసేయడమే సులువు. కంప్యూటరు 32 బిట్ అయితే దానికిచ్చే ఈఎక్స్ఈ తయారీ కూడా 32 బిట్ పైథాన్‌తోనే జరగాలి.

తెర కట్టడం

అమరికకు మూడు పద్ధతులున్నాయి: ప్యాక్, గ్రిడ్, ప్లేస్. ఇలాంటి ఫారానికి గ్రిడ్ ఒక్కటే చాలు. ఒకే ఫ్రేములో ప్యాక్, గ్రిడ్ కలిపితే టీకే ఎర్రర్ ఇస్తుంది. వేర్వేరు ఫ్రేముల్లో ఒక్కోటి వాడుకోవచ్చు. విండో పెద్దది చేసినా పట్టిక మూలన చిన్నగానే ఉండిపోతోందంటే రెండిట్లో ఏదో ఒకటి మరిచిపోయినట్టు. ట్రీవ్యూకు స్టికీని నాలుగు దిక్కులా ఇవ్వాలి, దాన్ని పట్టుకున్న ఫ్రేముకు రోకాన్ఫిగర్, కాలమ్‌కాన్ఫిగర్‌లలో వెయిట్ 1 ఇవ్వాలి. ఫ్రేములో ఫ్రేము ఉంటే ప్రతి అంతస్తులోనూ ఇవ్వాలి. ఒక్కచోట తెగినా సాగదు.

బటన్‌కు కమాండ్ ఇచ్చేటప్పుడు ఫంక్షన్ పేరు మాత్రమే రాయాలి. పక్కన కుండలీకరణాలు పెడితే విండో తెరుచుకోకముందే ఆ పని జరిగిపోతుంది, తర్వాత బటన్ నొక్కినా ఏమీ కాదు. కౌంట్లకు వరుసగా బటన్లు లూప్‌లో తయారుచేసేటప్పుడు ఇంకో గొడవ: 30, 40, 50 అని వేర్వేరు బటన్లు కనిపిస్తాయి, ఏది నొక్కినా చివరి కౌంటే పడుతుంది. బటన్‌కు ఇచ్చే ల్యామ్‌డా (పేరులేని చిన్న ఫంక్షన్) లూప్ చలరాశిని నొక్కిన క్షణంలో చదువుతుంది, తయారైన క్షణంలో కాదు. ఆ విలువను ల్యామ్‌డాకు డిఫాల్ట్ ఆర్గ్యుమెంటుగా కట్టేస్తే సరిపోతుంది. కొట్టు బొమ్మ పెడితే తెల్ల గడే కనిపించడం కూడా తరచూ వచ్చే ఫిర్యాదే. ఫోటోఇమేజ్‌ను ఫంక్షన్‌లో లోకల్ చలరాశిగా వదిలేస్తే పైథాన్ దాన్ని ఊడ్చేస్తుంది. దాన్ని విండో వస్తువుకు కట్టి ఉంచాలి.

లాప్‌టాప్‌లో అక్షరాలు మసకగా ఉంటే డీపీఐ (తెర మీద చుక్కల సాంద్రత) కారణం. విండోస్ 125 లేదా 150 శాతం పెంచి చూపుతోంది, ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. విండో తయారుకాకముందే, విండోస్ ఫంక్షన్లను పిలిచే పైథాన్ మాడ్యూల్ సీటైప్స్ ద్వారా ప్రాసెస్ డీపీఐ అవేర్‌నెస్‌ను 1కి పెట్టాలి. తర్వాత పెడితే ఫలితం ఉండదు. పెట్టాక అక్షరాలు స్ఫుటంగా వస్తాయి. అయితే పిక్సెళ్లలో ఇచ్చిన కొలతలన్నీ చిన్నవైపోతాయి, వాటిని మళ్లీ చూసుకోవాలి.

మౌసు ముట్టకుండా

ఐస్ చేతులతో మౌసు పట్టుకోరు. కాబట్టి ఈ ప్రోగ్రాము బాగుందా లేదా అన్నది కీబోర్డు దగ్గరే తేలుతుంది. టీకింటర్ ఇక్కడ బాగా లొంగుతుంది, కానీ అడిగితేనే. ఎంట్రీలో ఎంటర్ నొక్కితే దానంతట అది తర్వాతి గడికి పోదు. రిటర్న్ (ఎంటర్ మీట) ఈవెంటుకు మీ ఫంక్షన్‌ను బైండ్ చేసి, అంటే కట్టి, ఆ విడ్జెట్‌కు టీకే ఫోకస్ నెక్స్ట్ ఏదో అడిగి, దానికి ఫోకస్ ఇవ్వాలి. బటన్ మీద ఫోకస్ ఉన్నప్పుడు స్పేస్ బార్ పనిచేస్తుంది, ఎంటర్ చేయదు. గుమస్తాలు ఎంటరే నొక్కుతారు, కాబట్టి బటన్ క్లాసు మొత్తానికి ఒక్కసారి బైండ్ చేసేయండి. లైనక్స్‌లో అంకెల ప్యాడ్ మీది ఎంటర్‌కు వేరే పేరుంది, దాన్నీ కలపాలి. ఎఫ్2 కొత్త చీటీ, ఎఫ్9 ప్రింటు, ఎస్కేప్ రద్దు అని పెట్టుకుంటే పాత ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములకు అలవాటుపడ్డ వేళ్లు కూడా తడబడవు.

బరువు గడిలో అంకెలే పడేలా వాలిడేట్ కమాండ్ ఉంది. ఫంక్షన్‌ను ముందు రిజిస్టర్ చేసి, పర్సెంట్ పెద్ద పి అనే గుర్తుతో రాబోయే విలువను తీసుకోవాలి. ఇందులో రెండు గోతులున్నాయి. ఖాళీ స్ట్రింగును ఒప్పుకోకపోతే గుమస్తా ఆఖరి అంకెను చెరపలేడు. ఫంక్షన్ నిజమో కాదో స్పష్టంగా తిరిగి ఇవ్వకపోయినా, లోపల ఎర్రర్ వచ్చినా, టీకే ఆ పరీక్షను పూర్తిగా ఆపేస్తుంది. ఆ తర్వాత గడిలో ఏది కొట్టినా పడుతుంది.

తేదీకి టీకింటర్‌లో క్యాలెండర్ లేదు. టీకేక్యాలెండర్ అనే బయటి ప్యాకేజీ ఉంది, పనిచేస్తుంది. కాటా చీటీకి ఈరోజు తేదీ ముందే నింపి ఉంచితే ఆ ప్యాకేజీ కూడా అక్కర్లేదు.

తెలుగు

ఈ విభాగం మీద కాస్త ఎక్కువ సేపు ఉండాలి, తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఇదే ముఖ్యం.

విండోస్ మీద ఒత్తులు, గుణింతాలు సరిగ్గానే కడుతుంది, ఎందుకంటే అక్షరాలు పేర్చే పని విండోస్‌దే. లైనక్స్‌లో టీకే 8.6 ఎక్స్ఎఫ్‌టీ అనే ఫాంటు లైబ్రరీ ద్వారా ఒక్కో కోడ్‌కు ఒక్కో గుర్తు పెట్టుకుంటూ పోతుంది. ఒత్తులు కట్టదు. సత్యనారాయణ గారి పేరులో త పక్కన విడి పొల్లు, దాని పక్కన విడి య కనిపిస్తాయి. ఏ ఫాంటు మార్చినా ఇది బాగుపడదు, లోపం ఫాంటులో లేదు కాబట్టి.

ఫాంట్ల సంగతి. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంటుంది. విండోస్ 7లో అది లేదు, గౌతమి, వాణి ఉంటాయి. విండోస్ 10లో గౌతమి, వాణి అదనపు తెలుగు ఫాంట్ల ప్యాకేజీలోకి వెళ్లిపోయాయి, వేసుకుంటేనే ఉంటాయి. మీరు అడిగిన ఫాంటు లేకపోతే టీకే ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు చేయకుండా వేరేది పెట్టేస్తుంది. కాబట్టి ప్రోగ్రాము మొదట్లో ఫాంట్ ఫ్యామిలీల జాబితా తీసి, నిర్మలా, తర్వాత గౌతమి, తర్వాత వాణి అన్న వరుసలో ఏది ఉంటే అది ఎంచుకోండి. మండలి లాంటి ఉచిత ఫాంటు వాడాలనుకుంటే దాన్ని విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయాలి. పక్కన ఫైలు పెట్టి దాన్నే వాడమంటే టీకే 8.6కి కుదరదు.

టీటీకేలో ఫాంటు మార్చడం కూడా ఒక్కచోట తెగే పని కాదు. లేబుళ్లకు, బటన్లకు స్టైల్ ద్వారా ఇస్తే చాలు. ఎంట్రీకి స్టైల్‌లో ఇచ్చిన ఫాంటు పట్టదు, ఆ గడికే నేరుగా ఇవ్వాలి. కాంబోబాక్స్ తెరిచినప్పుడు వేలాడే జాబితాకు మళ్లీ వేరుగా ఆప్షన్ యాడ్ ద్వారా ఇవ్వాలి. ఈ చివరిది మరిచిపోయి, పైన 14 సైజు, జాబితాలో 9 సైజు ఉన్న ప్రోగ్రాములు చాలానే కనిపిస్తాయి.

ట్రీవ్యూ వరుస ఎత్తు మామూలుగా 20 పిక్సెళ్లు. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగులో కింద ఒత్తు, పైన గుడి రెండూ ఉన్న అక్షరం వస్తే తలో తోకో తెగుతుంది. 28 అనో 34 అనో ఒక అంకె రాసేయకండి, డీపీఐ మారగానే మళ్లీ తెగుతుంది. ఫాంట్ మెట్రిక్స్‌లో లైన్‌స్పేస్ ఎంతో అడిగి, దానికి 6 కలిపి రోహైట్‌గా ఇవ్వండి. గడి వెడల్పు విషయంలోనూ ఇంతే. ఎంట్రీకి వెడల్పు 20 అంటే 20 తెలుగు అక్షరాలు కాదు, 20 సున్నాల వెడల్పు. స్త్రీ అనే మాట మనకు ఒక్క అక్షరం, పైథాన్ లెక్కలో పొడవు 6. పేరు 15 అక్షరాలకు మించకూడదని పెన్ను పట్టుకున్నట్టు లెక్క పెట్టి షరతు పెడితే సగం మంది రైతుల పేర్లు పట్టవు.

టైపింగ్‌కు విండోస్‌లోని తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది దిద్దేటప్పుడు వస్తుంది: టీకే వెర్షన్‌ను బట్టి బాణం మీట, బ్యాక్‌స్పేస్ అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా దాటతాయి, కర్సరు ఒత్తు మధ్యలో ఆగుతుంది. అందుకే కాటా దగ్గర తెలుగు టైపు చేయించకండి. ప్రతి రైతుకు మూడంకెల నంబరు ఇచ్చి, 147 అని కొట్టగానే పేరు, చెరువు, ఊరు తెర మీదికి వచ్చేలా చేయండి. కొత్త పేరు చేర్చడం పగటిపూట ఆఫీసులో జరిగే పని.

పేరుతో వెతికే సౌకర్యం పెడితే ఒక కనిపించని గుర్తు గురించి తెలిసి ఉండాలి. రామ్‌కుమార్ అని రాసేటప్పుడు మ్ పక్కన క అతుక్కోకుండా ఒక ఖాళీ గుర్తు పడుతుంది, దాని కోడ్ 200సీ. ఒకరు దానితో, ఒకరు అది లేకుండా కొడితే కంప్యూటరుకు ఇద్దరూ వేర్వేరు మనుషులు. వెతకడానికి మాత్రం ఆ గుర్తు తీసేసిన పేరును వేరే నిలువు వరుసలో దాచండి. పాత జాబితాలు "అను" అనే డీటీపీ ఫాంట్లలో టైపు చేయించి ఉంటే వాటిని అలాగే అతికించడం కుదరదు. అవి యూనికోడ్ కావు, చెత్త అక్షరాలుగా పడతాయి. ముందు కన్వర్టరులో మార్చి, ఒక్కో పేరూ కంటితో సరిచూడాలి.

కాటా నుంచి బరువు

ఎలక్ట్రానిక్ కాటా ఇండికేటరు (బరువు అంకెలు చూపే పెట్టె) వెనక సీరియల్ పోర్టు ఉంటే బరువును చేత్తో కొట్టనక్కర్లేదు. యూఎస్‌బీకి మార్చే కేబులు, పైసీరియల్ లైబ్రరీ చాలు. వేగం చాలా ఇండికేటర్లలో 9600, కొన్నిట్లో 2400. ఇండికేటరు సెట్టింగుల్లో ఉన్నదే ఇక్కడా ఇవ్వాలి, తేడా ఉంటే పిచ్చి గుర్తులు వస్తాయి. పంపే వరుస ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. కొన్ని నిలకడగా ఉంటే ఎస్‌టీ అని, ఊగుతుంటే యూఎస్ అని ముందు చేర్చి పంపుతాయి. అలా పంపనివాటికి వరుసగా అయిదు రీడింగులు 50 గ్రాముల లోపు ఉంటేనే బరువు తీసుకో బటన్ వెలిగేలా పెట్టుకోవాలి.

టీకింటర్‌లో కొత్తవాళ్లు చతికిలపడేది సరిగ్గా ఇక్కడే. కాటా చదివే లూప్‌ను నేరుగా రాస్తే, లేదా మధ్యలో స్లీప్ పెడితే, విండో బిగుసుకుపోతుంది, తలపై ప్రతిస్పందించడం లేదన్న మాట వస్తుంది. టీకే పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి. అది మీ లూప్‌లో చిక్కుకుంటే తెర గీయడానికి ఎవరూ ఉండరు. చదవడాన్ని సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్‌కు ఇవ్వాలి. అలాగని ఆ థ్రెడ్ నుంచి లేబుల్ మార్చకూడదు. ఒక్కోసారి బాగానే నడిచి, పట్టుబడి రద్దీలో ఎప్పుడో కుప్పకూలుతుంది. థ్రెడ్ తను చదివిన బరువును క్యూలో వేస్తుంది. తెర వైపు, కాసేపాగి పని చేయించే ఆఫ్టర్‌తో 100 మిల్లీసెకన్లకొకసారి ఆ క్యూ ఖాళీ చేసి లేబుల్ మారుస్తుంది. ఈ ఒక్క పద్ధతి వంటబడితే సగం బాధలు తీరినట్టే.

కేబులును ఇంకో రంధ్రంలో పెడితే కామ్3 కాస్తా కామ్5 అవుతుంది. పోర్టు పేరును కోడ్‌లో రాసేయకుండా, ఉన్న పోర్టుల జాబితాను కాంబోబాక్స్‌లో చూపండి. కేబులు ఊడితే సీరియల్ ఎక్సెప్షన్ పడుతుంది. దాన్ని పట్టుకుని బరువు గడిని చేత్తో కొట్టేందుకు తెరిచి పెట్టాలి. చేత్తో కొట్టిన చీటీకి ఆ సంగతి డేటాబేసులో నమోదు కావాలి, తర్వాత తగువులొస్తే అదే ఆధారం.

లెక్క

కౌంటు కట్టడం ఇలా. నమూనా 1.620 కిలోలు తూగి అందులో 97 ఉంటే 59.88, అంటే 60 కౌంటు. రెండు కౌంట్ల మధ్య పడితే ధర ఎలా కట్టాలన్నది కొట్టుకో తీరు, కాబట్టి దాన్ని కోడ్‌లో రాయకుండా పట్టికలో పెట్టాలి.

మొత్తం బరువు 655.7 కిలోలు, ట్రేలు 24, ఒక్కోటి 1.8 కిలోలు అనుకుందాం. ట్రేల బరువు 43.2 పోతే నికరం 612.5. కిలో 265 రూపాయలైతే 1,62,312.50. దీన్ని ఫ్లోట్‌లో (కంప్యూటరు దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే రకం) చేస్తే ఏదో ఒకరోజు పైసాలో తేడా వస్తుంది, ఆ తేడా పైసానే రైతు పట్టుకుంటాడు. బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో, రెండూ పూర్ణాంకాలుగా దాచండి. ఇంకోటి: పైథాన్‌ను కామాలు పెట్టమంటే 162,312.50 అని పెడుతుంది. మన పద్ధతిలో లక్ష దగ్గర కామా రావాలంటే చివరి మూడంకెలు విడదీసి, మిగతావి రెండేసి చొప్పున కోసే నాలుగు వరుసల ఫంక్షన్ రాసుకోవాలి.

డేటాకు ఎస్‌క్యూలైట్ అనే ఒకే ఫైలు డేటాబేసు, అదీ పైథాన్‌తోనే వస్తుంది. ప్రతి చీటీకి అక్కడికక్కడే కమిట్ (డిస్కులో ఖాయం) చేస్తే కరెంటు పోయినా పోయేది తెర మీద సగంలో ఉన్న చీటీ ఒక్కటే. రోజూ పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసేటప్పుడు నడుస్తున్న ఫైలును కాపీ కొట్టకండి, అది సగం రాసిన స్థితిలో ఉండొచ్చు. కనెక్షన్‌కు ఉన్న బ్యాకప్ పద్ధతినే పిలవండి.

కాగితం

టీకే 8.6లో ప్రింటింగ్ లేదు. టీకే 9లో ప్రింట్ చేరింది గానీ, 8.6 మీద ఉన్నవాళ్లకు దాని వల్ల ఉపయోగం లేదు. ఇంగ్లీషు చీటీ అయితే పైవిన్32 అనే లైబ్రరీ ద్వారా డాట్ మాట్రిక్స్ ప్రింటరుకు ముడి అక్షరాలు పంపేయొచ్చు. టకటకా వచ్చేస్తుంది, కార్బన్ నకలు కూడా వస్తుంది. తెలుగుకు ఆ దారి మూసుకున్నట్టే, ఆ ప్రింటరు లోపలి అక్షరాల్లో తెలుగు లేదు. డ్రైవరు ద్వారా బొమ్మగా పంపితే పడుతుంది, కానీ నెమ్మది.

థర్మల్ ప్రింటరుకు చీటీని బొమ్మగా గీసి పంపాలి. అంగుళానికి 203 చుక్కల యంత్రంలో 80 మిల్లీమీటర్ల కాగితానికి బొమ్మ వెడల్పు 576 చుక్కలు, 58కి 384. పిల్లో అనే బొమ్మల లైబ్రరీతో గీస్తే ముందు దాని ఫీచర్స్‌లో ఒత్తులు పేర్చే రాక్మ్ ఉందో లేదో అడగండి. లేకపోతే లైనక్స్ టీకేలో చూసిన విరిగిన ఒత్తులే ఇక్కడా వస్తాయి, తెర మీద బాగుండి కాగితం మీద మాత్రం పాడవుతాయి. పీడీఎఫ్ కావాలంటే ఎఫ్‌పీడీఎఫ్2 లైబ్రరీలో టెక్స్ట్ షేపింగ్ (ఒత్తులు పేర్చడం) ఆన్ చేయాలి, దానికి యూహార్ఫ్‌బజ్ అనే ఇంకో ప్యాకేజీ తోడు కావాలి.

అన్నిటికంటే తక్కువ తలనొప్పి హెచ్‌టీఎంఎల్. చీటీని చిన్న పేజీగా రాసి, సీఎస్ఎస్‌లో పేజీ వెడల్పు 80 మిల్లీమీటర్లు ఇచ్చి, బ్రౌజరుతో ప్రింటు చేయించడం. తెలుగు తప్పు పోదు. ప్రతిసారీ ప్రింట్ పెట్టె తెరుచుకోకుండా క్రోమ్‌ను కియోస్క్ ప్రింటింగ్ స్విచ్‌తో, విడి ప్రొఫైల్ ఫోల్డరుతో నడపాలి. అప్పటికే తెరిచి ఉన్న క్రోమ్‌కు ఆ స్విచ్ అందదు, విడి ప్రొఫైల్ అందుకే. థర్మల్ కాగితం మీది రాత కొన్నాళ్లకు వెలిసిపోతుంది కాబట్టి, డబ్బు ఆలస్యంగా ఇచ్చే కొట్లయితే రైతుకు ఇచ్చే ప్రతిని మామూలు కాగితం మీద తీయడం న్యాయం.

కొట్టుకు అప్పగించడం

పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈ చేస్తే అక్కడ పైథాన్ వేయనక్కర్లేదు. ఒకే ఫైలుగా చేసే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ, తెరిచిన ప్రతిసారీ తాత్కాలిక ఫోల్డరులోకి అన్నీ విప్పుకుంటుంది, పాత డిస్కు మీద ఆలస్యం తెలుస్తుంది. యాంటీవైరస్ కూడా దాన్నే ఎక్కువగా అనుమానిస్తుంది. ఫోల్డరుగా చేయండి. ఒకే ఫైలు పద్ధతిలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది: డేటాబేసును ప్రోగ్రాము పక్కనే ఉందనుకుని ఆ తాత్కాలిక ఫోల్డరులో తెరిస్తే, మూసేసిన వెంటనే ఆ ఫోల్డరుతో పాటు ఆ రాత్రి చీటీలన్నీ పోతాయి. డేటా ఎప్పుడూ లోకల్ యాప్‌డేటాలోనో, మీరు పేరు పెట్టిన డీ డ్రైవ్ ఫోల్డరులోనో ఉండాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెడితే రాయడానికి అనుమతి ఉండదు. టీకేక్యాలెండర్ వాడి ఉంటే అది వాడుకునే బేబెల్ నంబర్స్ మాడ్యూల్‌ను హిడెన్ ఇంపోర్టుగా పైఇన్‌స్టాలర్‌కు చెప్పి చేర్చాలి, లేదంటే మీ దగ్గర నడిచి అక్కడ నడవదు.

మిగతావి

టీకింటర్ బదులు వాడదగ్గ లైబ్రరీల్లో పైసైడ్6 అన్నిట్లోనూ మెరుగు. లైనక్స్‌లోనూ తెలుగు చక్కగా కడుతుంది, ప్రింటింగ్ ఉంది, పట్టికలు బలమైనవి. కానీ బరువు ఎక్కువ, నేర్చుకోవడానికి సమయం పడుతుంది, పాత విండోస్‌లకు కొత్త వెర్షన్లు నడవవు. మూడు నాలుగు తెరలు దాటే పని, ఉదాహరణకు మేత ఖాతాలు, చెరువుల లీజులు, ప్లాంటు లెక్కలు అన్నీ కలిపి ఉంటే మొదటే దాన్ని ఎంచుకోండి. కస్టమ్‌టీకింటర్ కంటికి అందంగా ఉంటుంది. అయితే ట్రీవ్యూ లాంటి పట్టిక దాంట్లో లేదు, విడ్జెట్లు ఎక్కువైతే గీయడంలో తడబడుతుంది. కాటా గదికి అందం కంటే పట్టిక ముఖ్యం. పైసింపుల్‌జీయూఐ మీద పాత పాఠాలు చాలా కనిపిస్తాయి. 2024లో వచ్చిన అయిదో వెర్షన్ వాణిజ్య లైసెన్సు వైపు వెళ్లింది. కొత్త పనికి దాన్ని పునాదిగా వేసుకోమని చెప్పలేను. కివీ ఫోన్లకు, తాకే తెరలకు తయారైంది. దాని మామూలు ఏర్పాటులో తెలుగు ఒత్తులు కుదరవు.

రెండో కాటా పెట్టి రెండు కంప్యూటర్లు ఒకే లెక్కలో రాయాల్సి వస్తే టీకింటర్ మార్చనక్కర్లేదు, కింద ఉన్న డేటాబేసు మార్చాలి. షేర్ చేసిన ఫోల్డరులో ఎస్‌క్యూలైట్ ఫైలు పెట్టి రెండు వైపుల నుంచి తెరవొద్దు, నెట్‌వర్కు మీద దాని తాళం నమ్మదగ్గది కాదు. ఒక కంప్యూటరులో పోస్ట్‌గ్రెస్ గానీ మైఎస్‌క్యూఎల్ గానీ వేసి, ఇద్దరినీ దానికే కలపండి. చీటీ నంబరు కూడా ప్రోగ్రాములో లెక్కపెట్టకుండా ఆ సర్వరే ఇవ్వాలి. లేకపోతే ఒకే నంబరుతో రెండు చీటీలు బయటికెళ్తాయి.